వంగరాదు

“సార్, తాత పోయినాడు. పదకొండోనాడు దినాలు. తప్పకుండా రావాల సార్. బస్సులోనే రా, ఊర్లోకే వస్తాది.”

ఆయన మనవరాలు ఫోన్లో చెప్పింది ఇంతే. తాత పోయినందుకు ఒక మాట, బస్సుకు రెండు మాటలు. కొత్తవాళ్లు వింటే ఇదేం పిల్లరా అనుకుంటారు. నేను మాత్రం ఆ బస్సు మాటనే ఇంకోసారి చెప్పించుకున్నాను. ఆ బస్సు కోసం ఆయన పన్నెండేళ్లు వంగాడు, తర్వాత నాలుగేళ్లు వంగకుండా ఉన్నాడు. ఆ నాలుగేళ్లే ఎక్కువ కష్టమయ్యాయని నాతో ఒట్టేసి చెప్పాడు.

ఆయన పేరు రాయను. పేరు రాస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే మలుపు తెలుస్తుంది, మలుపు తెలిస్తే దాని పక్క పొలం ఎవరిదో తెలిసిపోతుంది. నేను పెన్షను మీద బతికేవాణ్ని. ఉన్న ధైర్యాన్ని జాగ్రత్తగా వాడుకోవాలి.

ఆయనది ఆలూరు అవతల ఒక ఊరు. వాన పడితే పంట, పడకపోతే వలస. అక్కడ నాలుగెకరాల మెట్ట చేసుకునే మనిషి. నేను కర్నూలు కాలేజీలో ఇంగ్లీషు చెప్పినవాణ్ని. మా ఇద్దరినీ కలిపింది అర్జీ. పదహారేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున తలుపు చప్పుడైతే తీశాను. ఎదురుగా ఎవరూ లేరు. కిందికి చూస్తే ఉన్నాడు. గడప మీద రెండు చేతులూ ఆనించి, తల ఆ చేతుల మధ్య పెట్టి, తువ్వాల చంకలో ఇరికించుకుని ఉన్నాడు.

“లెయ్యప్పా, ఏమిది?”

“లేస్తా సార్. ముందు రాసిస్తానని చెప్పు.”

ఏం రాయాలో అడక్కుండానే ఒప్పుకున్నాను. వీధిలో అందరూ చూస్తున్నారు మరి. లోపలికి వచ్చి కూర్చున్నాక చెప్పాడు, రాయాల్సింది అర్జీ, అదీ ఇంగ్లీషులో. తెలుగులో ఎవరైనా రాసిస్తారు కదా అన్నాను.

“తెలుగులో రాస్తే చదువుతారు సార్. చదివి పక్కన పడేస్తారు. ఇంగ్లీషులో రాస్తే చదవరు, బయపడతారు.”

ముప్పై ఏళ్ల నా ఉద్యోగానికి ఇంత సూటిగా ప్రయోజనం చెప్పినవాళ్లు మా శాఖలో లేరు.

అర్జీ సంగతి చిన్నదే. మెయిన్ రోడ్డు నుంచి వాళ్ల ఊరికి మూడు కిలోమీటర్లు. ఒక కిలోమీటరు పోయాక ఒక మలుపు. ఆ మలుపు పక్కన ఒక పెద్దాయన పొలం, పొలం చుట్టూ కడప బండలు నాటిన కంచె. ఆ బండలు ఏడాదికింత చొప్పున రోడ్డు మీదికి జరుగుతూ వచ్చాయి. బండలు వాటంతటవే జరగవని అందరికీ తెలుసు, జరిపింది ఎవరని ఎవరూ అడగలేదు. మలుపు ఎంత ఇరుకైందంటే, బస్సు ముందు భాగం తిరుగుతుంది, వెనక చక్రం బండకు తగులుతుంది. కాబట్టి డిపో వాళ్లు బస్సును మలుపు దాకా పంపి అక్కడి నుంచే వెనక్కి తిప్పేస్తున్నారు. మిగిలిన రెండు కిలోమీటర్లూ నడకే.

ఆయన కూతురు ఆ నడక వల్లనే పదో తరగతితో చదువు మానేసింది. కాలేజీ ఆలూరులో. సాయంత్రం దిగి, చీకట్లో, ముళ్లకంపల మధ్య ఆడపిల్ల ఒంటరిగా నడవడం ఎందుకని ఇంట్లో ఆపేశారు. ఆపినవాళ్లలో ఆయనా ఒకడు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన నా మొహం వైపు చూడలేదు.

“అమ్మ ఆగినకాడ పాప ఆగగూడదు సార్.”

“నీ మనవరాలు ఏం చదువుతోంది?”

“అంగన్వాడీకి పోతాండాది.”

నాకు నవ్వొచ్చింది. ఇంకా పన్నెండేళ్లు ఉంది కదా, ఇంత తొందరేమిటన్నాను. “గవర్మెంటు పని సార్, సాలదేమో” అన్నాడు. నవ్వినవాణ్ని నేను, లెక్క సరిగ్గా వేసినవాడు ఆయన.

ఇక ఆయన వంగడం గురించి చెప్పాలి. మా జిల్లాలో దండాలు పెట్టేవాళ్లకు కొదవ లేదు గానీ, ఇంత శ్రద్ధగా చేసినవాణ్ని నేను చూడలేదు. ఒకసారి నా ఎదుట నిలబడి వివరంగా చూపించాడు. అటెండరుకు మెడ చాలు. గుమాస్తాకు భుజాలు కూడా దిగాలి. తాసిల్దారుకు రొమ్ము దాకా, ఇంజినీరుకు నడుం దాకా. నడుం దగ్గరికొచ్చేసరికి తువ్వాల భుజం మీది నుంచి చంకలోకి పోవాలి. ఎమ్మెల్యేకు చేయి నేలకు తగలాలి. మంత్రికైతే మోకాళ్లు.

“ఎక్కువ వొంగినా తప్పే సార్. తాసిల్దారు ముందర మంత్రికి వొంగినట్ల వొంగినామనుకో, వీడు నన్ను ఎగతాళి చేస్తాండాడు అనుకుంటాడు.”

ఒకసారి కర్నూలు పాత బస్టాండు దగ్గర మేమిద్దరం నడుస్తుంటే ఆయన సెల్లు మోగింది. ఎమ్మెల్యే పీఏ. సెల్లు చెవికి పెట్టుకుని ఆయన రోడ్డు మధ్యలోనే నడుం దాకా దిగిపోయాడు. ఆటోలు ఆగిపోయాయి. మనిషికేమో అయిందని ఒకాయన నీళ్ల బాటిలు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఫోన్లో కనపడదు కదయ్యా అంటే, “గొంతులో తెలుస్తాది సార్” అన్నాడు.

ఇంకోసారి, గాలికి పడిపోయిన ఒక నాయకుడి ఫ్లెక్సీని లేపి నిలబెట్టి, రెండడుగులు వెనక్కి వచ్చి దానికీ వంగాడు. నాకు చిరాకేసింది. చిరాకేసినప్పుడు పాఠం చెప్పడం నా జబ్బు. ఫ్లెక్సీ అనే మాట పాతకాలపు లాటిన్ నుంచి వచ్చిందనీ, దానికి వంగేదని అర్థమనీ చెప్పాను. ఆయన ఆ బొమ్మలో నిటారుగా నిలబడి నవ్వుతున్న నాయకుణ్ని కిందినుంచి పైదాకా చూశాడు.

“ఆయప్ప వొంగల్లేదే సార్?”

“ఆ పేరు బట్టదయ్యా, మనిషిది కాదు.”

పన్నెండేళ్లలో నేను ఎన్ని అర్జీలు రాశానో గుర్తులేదు. ఇంజినీర్లు మారారు, తాసిల్దార్లు మారారు, రెండు మూడుసార్లు ప్రభుత్వమూ మారింది. అర్జీ మారలేదు. ఆయనకు ఇంగ్లీషు రాదు గానీ రెండో వరుసలో ప్రతిసారీ వచ్చే ఒక మాటను బొమ్మలాగా గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. మలుపు అనడానికి నేను రాసే బెండ్ అనే మాట అది. కాగితం చేతికివ్వగానే గోటితో దాన్ని వెతికి పట్టుకుని, “ఉండాది” అని తృప్తిగా మడత పెట్టుకునేవాడు.

పొలం పెద్దాయన దగ్గరికి కూడా ఏడాదికి నాలుగుసార్లు పోయేవాడు. ఆయనా చెడ్డవాడేం కాదు. ఒక్కసారీ కాదనలేదు. “చూద్దాంలేప్పా” అనేవాడు. చూస్తూనే ఉన్నాడు.

పాప పదో తరగతికి వచ్చింది. ఆ జనవరిలో పెద్దాయన పుట్టినరోజు. కాళ్లకు దండం పెట్టడానికి జనం ఎగబడ్డారు. ఈయన వంగి ఉన్నాడు, ఈయన మీదికి ఇంకొకాయన వంగాడు, ఆయన మీదికి ఇంకొకాయన పడ్డాడు. అడుగున ఎక్కడో చప్పుడైంది. ఆ చప్పుడు ఈయన నడుంది. కర్నూలు ఎముకల డాక్టరు ఫొటోలు తీసి, స్టీలు పట్టీలు కుట్టిన నాలుగు వేళ్ల వెడల్పు బెల్టు బిగించి, చీటీ మీద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసిచ్చి పంపాడు.

ఆ చీటీ పట్టుకుని తిన్నగా మా ఇంటికొచ్చాడు. కూర్చోలేడు, గోడకానుకుని నిలబడ్డాడు. మొహంలో నొప్పి కన్నా ఆశ్చర్యం ఎక్కువగా ఉంది.

“సార్, ఇది మన అర్జీలో మాట గదా? మన రోడ్డు సంగతి డాక్టరుకు ఎట్ల తెలిసింది?”

చూశాను. అదే బెండ్ అనే మాట. మూడు నెలల దాకా వంగరాదు అని ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది.

“సోమవారం అర్జీ ఉండాది సార్. మార్చిలో పాపకు పరీచ్చలు. జూనుకు బస్సు రాకుంటే దాన్నీ ఆపేస్తారు. వొంగకుండా ఎట్ల అడిగేది?” అని, చీటీలో ఆ మాట మీద గోరు పెట్టి, “రోడ్డు తిరిగేదానికీ నడుం వొంగేదానికీ ఒకటే మాటనా? ఇంట్లో అందరికీ ఒకటే పంచె ఉన్నట్టుండాదే” అన్నాడు.

ఓదార్చాల్సిన చోట నేను నిఘంటువు తీశాను. ఇంగ్లీషు వాళ్ల పూర్వీకుల కాలంలో బెండ్ అంటే వంచడం కాదయ్యా, కట్టడం అన్నాను. విల్లు తీసుకుని, దాని రెండు కొసలకూ తాడు బిగించి కట్టేవాళ్లు. ఆ కట్టడానికి ఆ మాట. కడితే కర్ర వంగుతుంది కదా, పోను పోను కట్టడం మరిచిపోయారు, వంగడం మిగిలింది. బైండు, బ్యాండు, బాండు అన్నీ దాని తోబుట్టువులే. ఓడలవాళ్లు ఇప్పటికీ రెండు తాళ్లు కలిపి వేసే ముడిని ఆ మాటతోనే పిలుస్తారు. సముద్రంలో లోతుకు దిగినవాళ్లు తొందరపడి పైకొస్తే కీళ్లు పట్టేసి మెలికలు తిరిగిపోతారు, ఆ రోగానికీ అదే పేరు. నది తిరిగితే అదే, రోడ్డు తిరిగితే అదే, రూలును మనకు కావలసినట్టు తిప్పుకున్నా అదే. గంట సేపు చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. నొప్పికి మూసుకున్నాడనుకున్నాను.

“అంటే కట్టె దానంతటది వొంగల్లే.”

“లేదు.”

“తాడు కట్టినారు గాబట్టి వొంగింది.”

“అవును.”

“మరి నాకు తాడు ఎవురు కట్టినారు సార్?”

మా క్లాసుల్లో ఏ పిల్లవాడూ నన్ను అలాంటి ప్రశ్న అడగలేదు. మా ఆవిడను పిలిచి కాఫీ పెట్టమన్నాను. 

సోమవారం ఆయన ఒంటరిగా పోలేడని నేను వెంట వెళ్లాను. బెల్టు చొక్కా లోపల ఉంది, బయటికి కనపడదు. తువ్వాల భుజం మీద ఉంది, దాన్ని చంకలోకి తెచ్చే శక్తి కూడా ఆయనకు లేదు. రోడ్ల ఇంజినీరు ఆఫీసులో గుమాస్తా అలవాటుగా బల్ల అంచు వైపు చూశాడు. ఆయన తల అక్కడ లేదు. గుమాస్తా చూపు మెల్లగా పైకెక్కింది.

“ఏమప్పా?”

“అర్జీ.”

బెల్టు బిగింపుకు ఊపిరాడక, ఒక్క మాట కన్నా ఎక్కువ వచ్చేది కాదు ఆయనకు.

“సారు బిజీగుండాడు. మళ్లీ రా.”

“నిలబడతా.”

“ఎంతసేపు నిలబడతావు? కూచో.”

“కూచోను.”

నొప్పి వల్ల అన్నాడు. కానీ ఆ గదిలో ఎవరికీ అది తెలియదు. పన్నెండేళ్లుగా కుర్చీ కనపడితే దానికి కూడా దండం పెట్టిన మనిషి కూర్చోనంటున్నాడు. గుమాస్తా లేచాడు. లోపలికి పోయి ఇంజినీరుతో ఏదో చెప్పి, మమ్మల్ని రమ్మన్నాడు. ఇంజినీరు ముందు కూడా ఈయన గడకర్ర మాదిరి నిలబడి, కాగితం బల్ల మీద పెట్టి, పళ్లు బిగించి చూశాడు. ఇంజినీరు గొంతు తగ్గించాడు.

“మీరు... ఎవరి తరఫున వచ్చినారు?”

ఆ ఆఫీసులో ఆయనను మీరు అనడం అదే మొదలు.

“మా వూరి తరఫున.”

ఇంజినీరు నమ్మలేదు. ఆయన కళ్లు నా మీద పడ్డాయి. ఇస్త్రీ చొక్కా, కళ్లజోడు, నెరిసిన జుట్టు, చేతిలో నేనెందుకో తెచ్చుకున్న ఇంగ్లీషు పేపరు. నేను అలవాటు కొద్దీ పరీక్ష హాల్లో పెట్టే మొహం పెట్టాను. ఆ పూట నేను చేసిన సహాయం అంతే, అదీ తెలియక చేసింది.

మా సీమలో ఒక మనిషి నిటారుగా నిలబడితే, వాడి వెన్నెముక వాడిదేనని ఎవరూ ఒప్పుకోరు. అది ఎవరు ఇచ్చారని వెతుకుతారు. వారం తిరక్కముందే కబుర్లు పుట్టాయి. పార్టీ మారినాడంట. విజయవాడలో మంత్రి పక్కన ఉండేవాడు వీళ్ల వియ్యపురాలి తమ్ముడంట. తుమ్మలపల్లె యురేనియం గనుల దిక్కు నుంచి ఎవరో పెద్దాఫీసరు, కళ్లజోడాయన, స్వయానా ఆఫీసుకొచ్చి కూర్చున్నాడంట. ఆ కళ్లజోడాయన నేనని తెలిసి మా ఆవిడ రెండు రోజులు నవ్వింది.

పెద్దాయన మనిషిని పంపి పిలిపించాడు. ఈయన పోయి వాకిట్లో నిలబడ్డాడు. వంగలేదు. పెద్దాయన చాలాసేపు చూసి, తనే మెట్లు దిగి వచ్చి భుజం మీద చెయ్యేశాడట.

“బండలు నాలుగడుగులు లోపలికి జరిపిస్తాలేప్పా. ఇంతదానికి పైదాకా పోయేది ఏంటికి?”

“సరే” అని వచ్చేశాడు. నాతో చెప్పేటప్పుడు ఆయన గొంతులో గెలిచిన సంతోషం లేదు. “పన్నెండేండ్లు వొంగి అడిగితే చూద్దామన్నాడు సార్. నొప్పికి పండ్లు కొరుక్కోని నిలబడితే, కోపమనుకుని బయపడినాడు. నాకు ఏడుపొచ్చింది సార్, ఇన్నేండ్లు ఏంటికి వొంగినానా అని.”

జూన్‌లో బస్సు ఊళ్లోకొచ్చింది. రిబ్బన్ పెద్దాయనే కత్తిరించాడు, అది వేరే చెప్పక్కర్లేదు. నేనూ వెళ్లాను. అప్పటికే డాక్టరు బెల్టు తీసేయవచ్చన్నాడు. ఈయన నడుం తడిమితే గట్టిగా తగిలింది.

“తీయలేదేంటయ్యా?”

“ఇప్పితే వొంగుతా సార్. నన్ను నేను నమ్మను.”

పెద్దాయన కారు దిగినప్పుడు నేను ఈయననే చూస్తున్నాను. తువ్వాల దానంతటది భుజం మీది నుంచి చంకలోకి జారింది. మెడ కదిలింది. భుజాలు కదిలాయి. అక్కడికొచ్చి బెల్టు ఆపింది. పెద్దాయన ముందుగా చేతులు జోడించాడు. పాప కిటికీ పక్క సీట్లో పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంటరు కాలేజీకి మొదటి రోజు. వాళ్లమ్మ బస్సు వెంట కొంతదూరం నడిచి, ఆగి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ కంటినీటిని నేను ఈ జన్మలో మరిచిపోలేను.

అప్పటినుంచి ఆయన బెల్టు విప్పలేదు. నిజం తెలిసిపోతే, వెనకాల ఎవరూ లేరని పసిగడితే, బండలు మళ్లీ ముందుకొస్తాయని ఆయన భయం. ఎండాకాలం మా సీమలో చొక్కా వేసుకోవడమే శిక్ష. ఆయన చొక్కా కింద స్టీలు. చర్మం పొక్కులొచ్చి రసి కారేది. ఊరమ్మ జాతరలో అందరూ సాగిలపడితే ఈయన నిలబడ్డాడు. పొగరెక్కిందన్నారు. సొంత బావమరిది మాట్లాడడం మానేశాడు. పొగరనే మాట ఆయనను పొక్కుల కన్నా ఎక్కువ బాధపెట్టింది. మనుషుల ముందు వంగడం ఆయనకు భయంతో వచ్చిన అలవాటే కావచ్చు, కానీ అందులో మర్యాద ఉంది, ప్రేమ కూడా ఉంది. వాటిని ఏ ముక్కకాముక్క వేరు చేసి పారేయడం కుదరలేదు ఆయనకు.

నెలకోసారి మా ఇంటికొచ్చేవాడు. రాగానే, “తలుపేయి సార్” అనేవాడు. వేసేవాణ్ని. చొక్కా విప్పి, బెల్టు విప్పి, కుర్చీకి తగిలించి, మా హాల్లో వంగడం మొదలుపెట్టేవాడు. మొదట మెడ. తర్వాత భుజాలు. రొమ్ము. నడుం. చేయి నేలకు. మోకాళ్లు. అటెండరు మొదలుకొని మంత్రి దాకా అన్ని కొలతలూ వరుసగా, ఒక్కటీ వదలకుండా. ఎదురుగా ఉన్నది నేనొక్కణ్నే కాబట్టి అన్ని హోదాలూ నాకే దక్కేవి. చివర వంటింటి వైపు తిరిగి మా ఆవిడకు ఇంకొకటి. “అమ్మకు కొలత లేదు సార్, ఎంతైనా వొంగొచ్చు” అనేవాడు. తర్వాత చల్లటి నాపరాళ్ల మీద వెల్లకిలా పడుకుని, “ఇప్పుడు పానం కుదుటపడింది” అని కళ్లు మూసుకునేవాడు. లేచాక మా ఆవిడ పెట్టిన ఉగ్గాని, బజ్జీ తిని, బెల్టు బిగించుకుని, మళ్లీ పొగరుబోతై వీధిలోకి పోయేవాడు.

ఊళ్లో నీ ధైర్యం గురించి కథలు చెప్పుకుంటున్నారట కదా అని ఒకసారి ఎగతాళి చేశాను. “దైర్యమని నేనెప్పుడన్నా సార్? పట్టీ” అన్నాడు.

ఆయన పోయిన రోజు స్నానం చేయించేటప్పుడు బెల్టు విప్పారట. నడుం చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పున తెల్లగా పాలిపోయిన చార ఉందట. ఆయన కూతురు దాని మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదని మనవరాలు తర్వాత చెప్పింది.

పదకొండోనాడు ఆలూరులో బస్సెక్కాను. మలుపు దగ్గర బస్సు ఆగింది. దిగమన్నారు. రోడ్డు పక్కన ఒక బండ అడుగు ముందుకు నాటి ఉంది, దాని మొదట్లో మట్టి తడి ఇంకా ఆరలేదు. డిపో నుంచి వచ్చిన చెకింగ్ ఆయన చేతిలో కాగితంతో నిలబడి ఉన్నాడు. ఆయనకెదురుగా పాప. ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు. పొద్దున బస్సు ఇక్కడినుంచే తిరిగిపోయిందని తెలిసి నడిచొచ్చింది.

“బస్సు ఇంగ ఇంతవరకే. అడిగే ఆయన పోయినాడు గదా” అన్నాడు చెకింగ్ ఆయన, ఎవరితోనని కాకుండా.

జనం మూటలు దించుకుంటున్నారు. నేను దిగాను. ఏదో ఒకటి చెప్పాలి కదా అని ఆయన దగ్గరికి పోయాను. నా శిష్యుల కన్నా చిన్నవాడు. “సార్, కొంచెం దయచేసి...” అంటున్నాను, అప్పుడు తెలిసింది, చేతులు జోడించి ఉన్నాను, రొమ్ము దాకా వంగి ఉన్నాను. ఎప్పుడు వంగానో నాకే తెలియదు. పదహారేళ్లు ఆయన వంగడాన్ని చూసి లోలోపల నవ్వుకున్నవాణ్ని నేను.

పాప వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. “లెయ్యి సార్” అంది మెల్లగా. తర్వాత పోయి బస్సు ముందు నిలబడింది.

“బస్సు ఊర్లోకి పోవాల.”

“ఎవురు చెప్పినారు?”

“నేను చెప్తాండా.”

“నువ్వెవురు?”

“రోజూ టికెట్ తీసుకునేదాన్ని.”

ఆయన ఆమెను కిందికీ పైకీ చూశాడు. జేబులోంచి సెల్లు తీసి, పక్కకు పోయి, ఎవరికో చేశాడు. దొరకలేదు. మళ్లీ చేశాడు. మూటలు దించుకున్నవాళ్లు ఎటూ కదలకుండా చూస్తున్నారు. ఈలోగా డ్రైవరు, నాలుగేళ్లుగా ఆ దారిలో తిప్పినవాడు, కిటికీలోంచి తల బయటపెట్టి, “ఎక్కు పాపా, నాకు టైమైపోతాంది” అన్నాడు. ఇంజను స్టార్టు చేశాడు. దిగినవాళ్లందరూ ఎక్కారు. వెనక చక్రం కొత్త బండకు రాసుకుంటూ మలుపు తిరిగింది.

పాప నా పక్కన కూర్చుంది. భయం వెయ్యలేదామ్మా అన్నాను.

“శానా బయమైంది సార్. చూడు.” మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. వాటి మీద రెండు అరచేతులూ పెట్టి అదిమింది, ఆగలేదు. “రేపు పొద్దున ఎనిమిదిన్నరకు మళ్లీ నిలబడాల. నువ్వూ ఉంటావా సార్?”

సాయంత్రం బస్సుకే తిరిగిపోవాలని వచ్చాను. అక్కడ ఉండిపోతే మళ్లీ ఆ ఇంజినీర్లు, ఆ పెద్దాయన, ఈసారి కళ్లజోడాయన ఎవరో అందరికీ తెలిసిపోతుంది. ఉంటానన్నాను.